నిజం కుర్చీ

7వ తేదీ, శుక్రవారం

వార్షికోత్సవం బాగానే జరిగింది. మా మూడో తరగతి పాటకి చప్పట్లు ఎక్కువే పడ్డాయి. గోరింక ఒక చరణం అందరికంటే ముందే ఎత్తుకుని, నాలుక కరుచుకుని, మళ్ళీ అందరితో కలిసింది. ఆ పిల్ల నోరు ఒక్క క్షణం ఊరుకోదు, అందుకే ఆ పేరు. పెద్ద సిస్టర్ కూడా నవ్వారు.

మెట్ల దగ్గర కట్టిన నీలం తెర నేనే తీసి, మడిచి, బీరువాలో పెట్టాను. నాలుగూ నలభై బస్సు అందింది. కాళ్ళు పీకుతున్నాయి. ఇంకేమీ రాయాలని లేదు.

8, శనివారం

ఇల్లు కడిగాను. సాయంత్రం మళ్ళీ కడిగాను. "గచ్చు అరిగిపోతుంది టీచరమ్మా, ఇక వదిలేయ్" అన్నారు మా ఆయన.

9, ఆదివారం

చర్చిలో పూజకి వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పాను. చెప్పాక కాస్త నొప్పి కూడా వచ్చింది.

10, సోమవారం

గేటు దగ్గరే ఆయమ్మ ఎదురొచ్చింది. "చూశారా టీచరమ్మా ఘోరం! దూతగారి చెయ్యి విరిగిపోయింది" అంది. "అయ్యో!" అన్నాను. ఎంత సహజంగా అన్నానో నాకే ఆశ్చర్యం వేసింది.

మెట్ల కింద ఉన్న కావలిదూత స్వరూపం, ఆ ప్లాస్టర్ బొమ్మ, ఈ బడి ఎంత పాతదో అంత పాతది. దూత కొంచెం వంగి, పక్కనున్న చిన్న పిల్లవాడి తల మీద చెయ్యి పట్టి ఉంటుంది. మెట్లెక్కే ప్రతి బిడ్డా ఆ పిల్లవాడి తల తడిమి వెళ్తుంది, రంగంతా పోయి నున్నగా అయిపోయింది. ఇప్పుడా తల మీద చెయ్యి లేదు.

ప్రార్థన అయ్యాక పెద్ద సిస్టర్ ఆ విరిగిన చేతిని చేతిరుమాల్లో పెట్టి అందరికీ చూపించారు. "ఎవరు చేశారో వాళ్ళు సాయంత్రంలోగా నా దగ్గరికి రండి. కొట్టను, తిట్టను. కానీ రావాలి" అన్నారు. మూడు వందల మంది పిల్లలూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నేనూ నా క్లాసు వరుస ముందు నిలబడి, ఎవరా అన్నట్టు పిల్లల ముఖాలు చూశాను.

11, మంగళవారం

ఎవరూ వెళ్ళలేదు. ఎవరు వెళ్తారు?

మధ్యాహ్నం పెద్ద సిస్టర్ పిలిచారు. ఆఫీసుకి మెట్లెక్కుతూ మాటలు సిద్ధం చేసుకున్నాను. "సిస్టర్, శుక్రవారం నేను తొందరలో..." ఇంతవరకు బాగానే వచ్చింది. తలుపు తోసేసరికి లోపల ఆయమ్మ ఉంది.

"నేను చీపురు పట్టుకెళ్తుంటే ఆ గోరింక పిల్ల దూత కాళ్ళ దగ్గరే కూర్చుని ఉందమ్మా. వాళ్ళ నాన్న ఇంకా రాలేదని. బ్యాగు ఊపుకుంటూ కూర్చుంది. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు" అంటోంది.

పెద్ద సిస్టర్ నా వైపు తిరిగారు. "మీ క్లాసు పిల్లే కదా టీచర్. నేను అడిగితే బెదిరిపోతుంది. మీ నిజం కుర్చీ ఉందిగా, అందులో కూర్చోబెట్టి అడగండి."

"సరే సిస్టర్" అన్నాను. 

ఇక్కడైనా రాసుకోకపోతే ఇంకెక్కడ రాసుకుంటాను? గోరింక వెళ్ళిపోయాకే నేను ఆ తెర దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ నాన్న సైకిలెక్కి నాకు టాటా కూడా చెప్పింది. తెర కట్టిన రోజు గోడకి మేకు దొరక్క, ఒక కొసని తాడుతో దూత మణికట్టుకి కట్టాను. స్వరూపాలకి ఏదీ కట్టొద్దని పెద్ద సిస్టర్ ఏటా చెప్తారు. ముడి బిగుసుకుపోయింది, కోయాలంటే కత్తెర కావాలి, కత్తెర పై అంతస్తులో ఉంది, బస్సుకి పదిహేను నిమిషాలే ఉంది. లాగాను. రాలేదు. గట్టిగా లాగాను.

చెయ్యి వచ్చి నా చెప్పు మీద పడింది. తీసి పీఠం వెనక పెట్టేశాను. సోమవారం చెప్పొచ్చులే అనుకున్నాను. తెర మాత్రం అంచులు కలిపి చక్కగా మడతపెట్టాను.

12, బుధవారం

గోరింకని కుర్చీలో కూర్చోబెట్టాను. నా టేబుల్ పక్కన ఉండే చిన్న కుర్చీ అది. తప్పు చేసిన పిల్ల అందులో కూర్చుని నిజం చెప్తే కొట్టడం ఉండదు, తిట్టడం ఉండదు. పన్నెండేళ్ళుగా నా క్లాసులో ఇదే పద్ధతి.

"నేను కాదు టీచర్" అంది మొదటే.

"తొందరేం లేదమ్మా. నిజం బయటికొచ్చేదాకా నేను ఆగుతాను" అన్నాను. ఈ మాట ఎన్ని వందలసార్లు అన్నానో. నోటికి అలవాటైపోయింది, దానంతటదే వచ్చేసింది.

"నిజంగా నేను కాదు టీచర్."

"శుక్రవారం అక్కడ కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"బ్యాగు ఊపావా?"

"ఊపాను. నేనెప్పుడూ ఊపుతాను కదా టీచర్."

"ఊపినప్పుడు దేనికైనా తగిలిందేమో గుర్తు తెచ్చుకో."

ఆ నేరాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టింది నేనే. ఆయమ్మ ఊపుతోందని మాత్రమే అంది. తగిలింది అన్న మాట నాది.

అన్నం గంట కొట్టారు. మిగతా పిల్లలు బయటికి వెళ్ళారు. గోరింక డబ్బా మూత తియ్యలేదు. కాళ్ళు నేలకి ఆనించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. నేను నా డబ్బా తెరిచి తిన్నాను. తిన్నాను, అది కూడా రాసుకోవాలి. కిటికీలోంచి ఆటల గోల వినిపిస్తోంది. గోరింక మెడ అటే తిరుగుతోంది.

"ఒప్పుకుంటే ఏమవుతుంది టీచర్?" అని అడిగింది చివరికి.

"ఏమీ కాదమ్మా. అందరూ 'అయిపోయింది' అంటారు. నువ్వు లేచి వెళ్ళి ఆడుకోవచ్చు."

మళ్ళీ కిటికీ వైపు చూసింది. "అయితే నేనే టీచర్" అంది.

ఎందుకు అందో నాకు బాగానే అర్థమైంది. ఆడుకోవడానికి వెళ్ళాలి కాబట్టి అంది. అర్థం కానట్టు హాజరు పుస్తకం సర్దుకున్నాను.

పిల్లలు లోపలికొచ్చాక అందరి ముందూ చెప్పింది. అందరూ కలిసి "అయిపోయింది!" అని అరిచారు. నాకు హమ్మయ్య అనిపించింది. ఛీ.

13, గురువారం

నేను అనుకున్నట్టు కాలేదు. గోరింక ఒప్పుకుంది, పెద్ద సిస్టర్ మెచ్చుకుంటారు, అక్కడితో సరి అనుకున్నాను.

"తప్పు చిన్నదే టీచర్" అన్నారు పెద్ద సిస్టర్. "బ్యాగు తగలడం తప్పే కాదు అసలు. కానీ ఐదు రోజులు దాచింది చూడండి, అది పెద్దది. నేను అంతమందిలో అడిగినా నోరు విప్పలేదు. తన పాపం తనే ఒప్పుకునే పాపసంకీర్తనం అంటే ఏమిటో ఆ పిల్లకి ఇంకా తెలియలేదన్నమాట. సత్ప్రసాదం ఈసారికి ఆపుదాం. వచ్చే ఏడాది తీసుకుంటుంది."

ముప్పయ్యో తేదీ ఆదివారం నా క్లాసులో ఇరవై ఏడు మంది పూజలో ఫాదర్ గారి చేతి నుంచి మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకోబోతున్నారు. ఏడాదిగా వాళ్ళని సిద్ధం చేస్తున్నది నేనే. ఇప్పుడు ఇరవై ఆరు మంది.

"చిన్నపిల్ల కదా సిస్టర్. ఒప్పుకుంది కదా" అన్నాను.

"మీ మనసు మెత్తన. అందుకే పిల్లలు మీ దగ్గర నిజం చెప్తారు" అన్నారు.

తల తీసేసినట్టయింది. అయినా నిలబడే ఉన్నాను.

గోరింకకి నేనే చెప్పాల్సి వచ్చింది. ఏడవలేదు. "ఏమీ కాదన్నారు కదా టీచర్?" అంది. తనే మళ్ళీ, "మా అమ్మ తెల్ల గౌను కుట్టేసింది. వచ్చే ఏడాదికి పొట్టైపోతుంది కదా?" అంది.

"కింద అంచు విప్పి పొడుగు చెయ్యొచ్చులే" అన్నాను. నోటికొచ్చిన మాట అది.

15, శనివారం

గోరింక వాళ్ళ నాన్న తాపీ మేస్త్రి. కూతురు విరగ్గొట్టిందని తెలిసి, తనే బాగుచేస్తానని పెద్ద సిస్టర్‌ని అడిగాడట. సెలవు రోజైనా క్లాస్ టీచర్‌ని కాబట్టి నన్ను రమ్మన్నారు.

నేలమీద గోనె పరిచి, దూతని దాని మీద పడుకోబెట్టి, మణికట్టులో సన్నటి ఇనుప కడ్డీ దించాడు. పలచటి ప్లాస్టర్ గిన్నెలో కలుపుతూ మాట్లాడుతున్నాడు.

"సిగ్గుగా ఉంది టీచర్ గారూ. మీరింత బాగా చెప్తుంటే మా పిల్ల ఇలా చేసింది. మీకు మాటొచ్చింది మా వల్ల."

"అదేం లేదండీ" అన్నాను.

విరిగిన చోట వేలితో తడిమాడు. "ఒకటే అర్థం కావట్లేదండీ. బ్యాగు తగిలితే కింద నుంచి పగలాలి. ఇది పై నుంచి గుంజినట్టుంది. ఇదిగో, ఇది కూడా ఇరుక్కుని ఉంది." చిన్న నీలం దారపుపోగు పైకి తీసి, పారేయమన్నట్టు నా అరచేతిలో పెట్టాడు.

పిడికిలి మూసేశాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు.

"పోనీలెండి. పిల్ల ఒప్పుకుందంటే చేసే ఉంటుంది. మీ కుర్చీలో కూర్చుని అబద్ధం చెప్పదు. ఇంట్లో కూడా ఆ కుర్చీ మాటే చెప్తుంది ఎప్పుడూ" అన్నాడు.

రెండు గంటలు పట్టింది. అతుకు కనిపించకుండా నున్నగా గీకి, దూతని లేపి నిలబెట్టి, వెనక్కి జరిగి చూసుకున్నాడు. "మా పిల్లకి చూపిస్తాను, బాగైపోయిందని" అన్నాడు.

దారం పారెయ్యలేదు. ఈ పేజీకి జిగురుతో అంటించాను.

18, మంగళవారం

వేరే బడుల నుంచి పదకొండు మంది టీచర్లు వచ్చారు. నా కుర్చీ గురించి వినడానికి! పెద్ద సిస్టరే పిలిపించారు. వద్దని ఎంత చెప్పినా, "మరీ అంత మొహమాటమేంటి టీచర్" అని కొట్టిపారేశారు.

ఇరవై నిమిషాలు మాట్లాడాను. నేను ఏం చెప్పానో ఇక్కడ రాస్తున్నాను, నా ముఖం నేనే చూసుకోవడానికి. శిక్షకి భయపడితే పిల్లలు దాస్తారన్నాను. నిజం చెప్పిన బిడ్డని ఆ తరవాత ఎవరూ ఎత్తిపొడవకూడదన్నాను. క్లాసంతా "అయిపోయింది" అనాలి, అందరికంటే చివర, ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళు అనాలి, వాళ్ళు అనేదాకా కుర్చీలోంచి లేవకూడదన్నాను. పోయినేడు రబ్బరు పోగొట్టుకున్న పిల్ల రెండు పీరియడ్లు మొండికేసి మూడో పీరియడ్‌లో అన్న సంగతి చెప్తే అందరూ నవ్వారు.

వెనక వరుసలో ఒక కుర్ర టీచరమ్మ చెయ్యెత్తింది. "మరి తప్పు చెయ్యని పిల్ల, భయపడో విసిగిపోయో ఒప్పుకుంటే ఎలా తెలుస్తుందండీ?"

"తెలుస్తుందమ్మా. కళ్ళు చూస్తే తెలిసిపోతుంది" అన్నాను.

చప్పట్లు కొట్టారు. తరవాత టీ, బిస్కట్లు. ఆ కుర్ర టీచరమ్మ మాత్రం నన్నే చూస్తోంది. లేకపోతే నాకే అలా అనిపించిందేమో.

19, బుధవారం

గోరింక క్లాసులో మాట్లాడటం మానేసింది. పక్క పిల్లలు ఆనందంగా ఉన్నారు, పాఠం వినిపిస్తోందట.

21, శుక్రవారం

బడి వదిలాక గుడికి వెళ్ళి పాపసంకీర్తనం చేశాను. మన ఫాదర్ గారి దగ్గరే. మా ఇద్దరి మధ్య చెక్క జాలీ ఉన్నా నా గొంతు ఆయనకి తెలియకుండా ఉంటుందా?

అంతా చెప్పాను. తాడు, బస్సు, చెప్పు మీద పడ్డ చెయ్యి, అన్నం డబ్బా, అంతా. 

"ఆ పాప మీద పడ్డది మీరే తియ్యాలమ్మా. ఇంకెవరూ తియ్యలేరు" అన్నారు.

"తీస్తాను ఫాదర్."

"ఎప్పుడు?"

"త్వరలోనే."

"త్వరలో అంటే ముప్పయ్యో తేదీ లోపల" అన్నారు. సరేనన్నాను. ఆశీర్వదించారు.

22, శనివారం

ఒళ్ళు తేలికైంది. రెండు వారాల తరవాత కడుపునిండా తిన్నాను. "ఇవాళ ముఖం కాస్త తేటపడింది, గచ్చు కూడా బతికింది" అన్నారు మా ఆయన. దేవుడికి చెప్పేశాను కదా. ఇక మిగిలింది మనుషుల సంగతి. అదీ చెప్తాను. వచ్చే వారం ఎలాగూ పెద్ద సిస్టర్‌తో రిహార్సల్ గురించి మాట్లాడాలి, అప్పుడు కలిపి చెప్పేస్తే సరిపోతుంది.

24, సోమవారం

చెప్పలేదు.

ఆఫీసులో పెద్ద సిస్టర్, నేను, ఫాదర్ గారు. ఎవరు ఏ వరుసలో నడవాలో కాగితం మీద రాస్తున్నాం. గోరింక పేరు కొట్టేసి ఉంది. పెద్ద సిస్టర్ ఆ కొట్టివేత మీద వేలుపెట్టి, "ఫాదర్, ఈ పిల్ల విషయంలో నేను మరీ కటువుగా ఉన్నానా? రెండు రోజులుగా మనసు పీకుతోంది. మీరు ఒక్క మాటంటే చేర్చేస్తాను" అన్నారు.

ఆయన పెన్ను కింద పెట్టారు. నా వైపు చూడలేదు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

"నేనేమీ చెప్పలేను సిస్టర్" అన్నారు.

"మీరు వద్దంటే సరే మరి" అని పెద్ద సిస్టర్ కాగితం తిప్పేశారు.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. గోరింక తరపున మాట్లాడగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. వెళ్ళి ఆయనకే చెప్పాను, ఎందుకంటే పాపసంకీర్తనంలో విన్నది బయట పెట్టే వీలు ఆయనకి లేదు. పశ్చాత్తాపం అనుకున్నాను. కాదు. చెప్పినట్టూ ఉండాలి, ఎవరికీ తెలియకుండానూ ఉండాలి, అందుకే వెళ్ళాను. ఆయన నోరు నేనే కుట్టేశాను.

అక్కడే ఉన్నాను కదా, అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా. ఆయన చెవుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఎంత సిగ్గులేనిదాన్ని.

26, బుధవారం

పాపసంకీర్తనం రిహార్సల్. ప్రతి ఏడాదీ నాకు ఇష్టమైన రోజు ఇది. ఫాదర్ గారి చోట జాలీ అవతల నేను కూర్చుంటాను, పిల్లలు ఒక్కొక్కరే ఇటు మోకరించి ఉత్తుత్తి పాపాలు చెప్పాలి. నిజమైనవి ఫాదర్ గారికే, నాకు చెప్పకూడదు. కాబట్టి కల్పనలు ఆకాశాన్నంటుతాయి. ఇవాళ ఒకడు బ్యాంకు దోచానన్నాడు. ఒకమ్మాయి వాళ్ళ తమ్ముణ్ణి సర్కస్ వాళ్ళకి ఇచ్చేశానంది. ఎన్నిసార్లని అడిగితే ఒక్కసారే అంది.

ఇరవై ఆరు మంది అయ్యారు. లేవబోతుంటే జాలీ దగ్గర ఎవరో మోకరించారు. గోరింక. తను చివరి బెంచీలో కూర్చుని చూడాలి, అంతే.

"నీకు ఇవాళ లేదు కదమ్మా" అన్నాను.

"ఒక్కటే టీచర్. ఉత్తుత్తిది కాదు. నిజంది. ఫాదర్ గారు నాది వినరు కదా, అందుకని మీకు చెప్తాను."

ఆపలేకపోయాను.

"నా బ్యాగులో నీళ్ళ సీసా ఉంది టీచర్. అందుకే బరువుగా ఉంది. రెండుసార్లు ఊపితే తగల్లేదు. మూడోసారి తగిలింది. టప్‌మని చప్పుడొచ్చింది. చెయ్యి కింద పడితే నేను చూశాను. అప్పుడు నాన్న సైకిల్ బెల్లు వినిపించింది, పరిగెత్తాను.  ముందు నాకు గుర్తులేదు. రోజూ గుర్తు తెచ్చుకుంటే ఇప్పుడు అంతా గుర్తొచ్చింది."

గుర్తు తెచ్చుకో అని చెప్పింది నేనే. చెప్పినట్టే చేసింది. బుద్ధిగా, రోజూ కూర్చుని, జరగనిదాన్ని నీళ్ళ సీసాతో సహా గుర్తు తెచ్చుకుంది. పెద్దయ్యాక కూడా దీన్ని మోస్తుంది. ఎప్పటికో పిల్లలు పుడితే వాళ్ళకీ చెప్తుంది, నేను చిన్నప్పుడు దూత చెయ్యి విరగ్గొట్టాను అని.

నేనేమన్నాను? "సరేనమ్మా, వెళ్ళు" అన్నాను. 

రేపు. రేపు కాకపోతే నేను ఈ పిల్లల ముఖం చూడటానికి పనికిరాను.

27, గురువారం

చెప్పాను.

ప్రార్థన గంటకి ముందే పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. ఈ డైరీ తీసుకెళ్ళి, దారం అంటించిన పేజీ తెరిచి టేబుల్ మీద పెట్టాను. నోటితో కూడా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పాను.

ఆవిడ దారాన్ని చూస్తూ ఉండిపోయారు. "ఎన్నాళ్ళయింది?" అన్నారు.

"ఇరవై రోజులు సిస్టర్."

"ఐదు రోజులు దాచిందని ఆ పిల్లకి ఏడాది వేశాను. మీకు ఎంత వెయ్యాలో నాకు తెలియడం లేదు టీచర్."

అరిచి ఉంటే బాగుండేది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వరుసల కాగితం తీసి గోరింక పేరు మళ్ళీ రాశారు, ఈసారి మొదటి వరుసలో. పిల్లల్ని సిద్ధం చేసే పని ఐదో తరగతి టీచర్ చూసుకుంటుందన్నారు. నా ఉద్యోగం సంగతి పరీక్షలయ్యాక మాట్లాడదామన్నారు. "మరి ఆ కుర్చీ ఏం చేస్తారో అది మీ ఇష్టం" అన్నారు.

మేస్త్రిని పిలిపించారు. పని మధ్యలోంచి సిమెంటు చేతులతోనే వచ్చాడు. దూత దగ్గరే నిలబడి చెప్పాను. విన్నాడు. తను అతికించిన చోటు వైపు ఒకసారి చూసుకున్నాడు.

"దారం మీ చేతికే ఇచ్చాను కదండీ" అన్నాడు.

"అవునండీ."

"అప్పుడైనా చెప్పొచ్చు కదా. ఆ శనివారం ఇంటికెళ్ళి దాన్ని కొట్టాను. ఎప్పుడూ కొట్టలేదు."

 వెళ్ళిపోయాడు. నేను దూత పీఠం పట్టుకుని నిలబడ్డాను.

రెండో పీరియడ్‌లో నేను చిన్న కుర్చీలో కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. పిల్లలు మొదట నవ్వారు, ఏదో ఆటనుకుని. నా ముఖం చూసి ఆగిపోయారు.

"దూత చెయ్యి విరగ్గొట్టింది నేను. తాడు కట్టి లాగాను. ఎవరికీ చెప్పలేదు. గోరింకని ఈ కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యని పని చేశానని తనతో చెప్పించాను" అన్నాను.

 తరవాత ముందు బెంచీలో ఎవరో సన్నగా "అయిపోయింది" అన్నారు. ఒకరి తరవాత ఒకరు అందరూ అన్నారు. ఎంత ధారాళంగా అన్నారో. ఆ జాలి నాకు దెబ్బలాగే తగిలింది.

గోరింక అనలేదు. అందరూ తన వైపు తిరిగారు.

"నా బ్యాగు తగల్లేదా టీచర్?" అంది.

"లేదమ్మా."

"చప్పుడొచ్చింది కదా? నేను విన్నాను."

"నువ్వు వినలేదమ్మా. నువ్వు అప్పటికే మీ నాన్నతో వెళ్ళిపోయావు. నాకు టాటా చెప్పావు."

 కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ముఖం ఎర్రబడింది. కోపం అది. ఆ పిల్లకి కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నేను రేపు చెప్తాను టీచర్" అంది.

పద్ధతి నేను పెట్టిందే. గంట కొట్టేదాకా కుర్చీలోంచి లేవలేదు. లెక్కల పాఠం అందులోంచే చెప్పాను. బోర్డు అందక, ఎక్కాలు అప్పజెప్పించాను.

28, శుక్రవారం

చెప్పలేదు. కుర్చీలోనే ఉన్నాను.

30, ఆదివారం

ఇరవై ఏడు మంది. నేను చివరి బెంచీలో మా ఆయన పక్కన కూర్చున్నాను. మొత్తం ఆయనకి నిన్ననే చెప్పాను. వేళాకోళమాడలేదు, అది చాలు నాకు భయం వెయ్యడానికి.

గోరింక మొదటి వరుసలో నడిచింది. గౌను సరిగ్గా సరిపోయింది. ప్రసాదం తీసుకుని వెనక్కి తిరిగి వస్తూ నా బెంచీ వైపు చూసింది. నవ్వలేదు. ఫాదర్ గారు బయటికొస్తూ నా దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎప్పటిలాగే "బాగున్నారామ్మా?" అన్నారు. "లేదు ఫాదర్" అన్నాను. తలూపి వెళ్ళారు.

1వ తేదీ, సోమవారం

ఇవాళా కుర్చీలోనే. నడుము పట్టేసింది. ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఇదేం చోద్యం టీచరమ్మా, లేవండి, పిల్లది మర్చిపోయి ఉంటుంది" అంది. మర్చిపోలేదు. నాకు తెలుసు.

అన్నం గంట కొట్టాక పిల్లలందరూ బయటికి పరిగెత్తారు. గోరింక వెళ్ళలేదు. డబ్బా పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. నా మోకాళ్ళ వైపూ, నేలకి ఆన్చిన నా కాళ్ళ వైపూ చూసింది.

"కాళ్ళు నొప్పి పుడుతున్నాయా టీచర్?"

"పుడుతున్నాయమ్మా."

"నాకూ పుట్టాయి" అంది. అని, తన చోటికి వెళ్ళి కూర్చుని, డబ్బా మూత తీసి, నాకేసి చూస్తూ నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది.